పాస్ అవుట్ అంటే పాసయ్యాడా, పడిపోయాడా?



ఎస్.ఎస్.ఎల్.సి. ఫలితాలు వచ్చి, పిల్లలు పీయూసీ ఫారాలు నింపే రోజుల్లో ఒక మాట మన ఇళ్లలో తెగ వినిపిస్తుంది. "మా వాడు ఈ ఏడు పాసవుట్ అయ్యాడండీ." "మీ పాప ఏ ఇయర్ పాసవుట్?" తెలుగులో మాట్లాడినా అదే, కన్నడంలో మాట్లాడినా అదే. ఇంగ్లీషులో అయితే "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022" అంటాం. ఐటీ కంపెనీల ఉద్యోగ ప్రకటనల్లో "2024, 2025 పాసవుట్స్ మాత్రమే" అని వేస్తారు. మారతహళ్లి పక్క కోచింగ్ సెంటర్ల బోర్డుల మీదా అదే మాట. బెంగళూరులో దీనికి అర్థం చెప్పమని ఎవరూ అడగరు.

కానీ ఇదే వాక్యాన్ని లండన్‌లోనో, న్యూయార్క్‌లోనో ఉన్న ఒక మామూలు మనిషితో అనండి. ఆయన ముందు కంగారు పడతాడు. "అయ్యో, కళ్లు తిరిగి పడిపోయావా? ఏమైంది? ఇప్పుడు ఎలా ఉంది?" అంటాడు. ఎందుకంటే అక్కడ రోజువారీ మాటల్లో "పాస్ అవుట్" అంటే స్పృహ తప్పడం. అందులోనూ ఎక్కువసార్లు ఎండ దెబ్బకో, నిద్ర లేకో, మరీ ముఖ్యంగా తాగుడెక్కువయ్యో పడిపోవడం. "ఐ పాస్డ్ అవుట్ ఎట్ కాలేజ్" అని ఒక అబ్బాయి గొప్పగా చెప్పుకుంటే వినేవాళ్లు ఏమనుకుంటారో మీరే ఊహించుకోండి.

ఇదేదో నవ్వుకోవడానికి పనికొచ్చే విషయమే అయితే ఇంత రాయనవసరం లేదు. పిల్లవాడి లీవ్ లెటర్‌లో, హెల్త్ కార్డులో, డాక్టరు గదిలో, ఉద్యోగం దరఖాస్తులో ఈ మాట వేర్వేరు పనులు చేస్తుంది. ఒకచోట పొరపాటుగా వాడితే నవ్వి ఊరుకుంటారు. ఇంకోచోట వైద్యం చేసేవాళ్లకే తప్పు సమాచారం వెళుతుంది. అందుకే కొంచెం వివరంగా చూద్దాం.

ఇంగ్లీషులో జంట మాటలు

"పాస్" ఒక మాట, "అవుట్" ఇంకో మాట. విడివిడిగా రెండూ మూడో తరగతి పిల్లలకు కూడా తెలుసు. కలిపితే మాత్రం రెండింటిలో లేని కొత్త అర్థం పుడుతుంది. ఇలాంటి వాటిని ఇంగ్లీషు వ్యాకరణంలో ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. గివ్ అప్, పుట్ ఆఫ్, లుక్ ఆఫ్టర్, రన్ అవుట్ ఇవన్నీ ఆ కోవే. లోగన్ పియర్సల్ స్మిత్ అనే ఆయన 1925లో తెచ్చిన "వర్డ్స్ అండ్ ఇడియమ్స్" అనే పుస్తకంతో ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరు తనకు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పుకున్నాడు. అంతకు చాలా ముందే, 1755లో తన నిఘంటువు ముందుమాటలో శామ్యూల్ జాన్సన్ ఈ జంట మాటల సంగతి ఎత్తి, పరాయి దేశస్థులకు ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఇవేనని ఒప్పుకున్నాడు. కాబట్టి మీ పిల్లలకు ఇవి ఎక్కడం లేదంటే వాళ్లను కోప్పడకండి. జాన్సన్‌గారే ఒప్పుకున్న కష్టం ఇది.

అయినా తెలుగువాళ్లకు ఇది బొత్తిగా కొత్త సంగతేమీ కాదు. మన భాషలోనూ ఉన్నాయి. "చేతులెత్తేశాడు" అంటే చేతులు పైకెత్తాడని కాదు, ఇక నా వల్ల కాదన్నాడని. ఇంగ్లీషు వాడి "గివ్ అప్" అదే. "చెయ్యి చేసుకున్నాడు" అనే మాట ఒక్కో పదంగా విడదీసి తెలుగు రాని మనిషికి చెప్పి చూడండి. కొట్టాడని అతనికి ఏడు జన్మలెత్తినా తట్టదు.

ఇంకా దగ్గరి పోలిక ఒకటుంది. మనం "తిను" అంటాం, "తినెయ్యి" అంటాం. రెండూ తినడమే. రెండోదానిలో మొత్తం ఖాళీ చెయ్యి, మిగల్చకు అని ఉంది. ఇంగ్లీషులో "ఈట్" కి "ఈట్ అప్" కి తేడా సరిగ్గా అదే. "రాయి", "రాసిపెట్టు" అన్నట్టే "రైట్", "రైట్ డౌన్". "పడ్డాడు", "పడిపోయాడు" ఈ రెండింటి తేడా చెప్పమంటే తడబడతాం కానీ వాడేటప్పుడు ఒక్కరం కూడా తప్పు చెయ్యం. మనకు క్రియ వెనక "పో", "వెయ్", "పెట్టు", "కొను" వచ్చి చేరతాయి. వాళ్లకు క్రియ వెనక "అప్", "డౌన్", "అవుట్", "ఆఫ్" వచ్చి చేరతాయి. పిల్లలూ, ఫ్రేజల్ వెర్బ్ నేర్చుకునేటప్పుడు దాని అర్థం ఒక్క తెలుగు మాటలో బట్టీ పట్టకండి. ఇంట్లో మీ అమ్మ ఇలాంటి చోట ఏ మాట వాడుతుందో వెతకండి. చాలాసార్లు దొరుకుతుంది.

పరేడ్ నుంచి వచ్చిన మాట

మరి మనవాళ్లు "పాసవుట్" అనడం తప్పా? తప్పు అని కొట్టిపారేసే ఇంగ్లీషు పుస్తకాలు కొన్ని ఉన్నాయి. నాకు ఆ మాట ఒప్పు కాదు. దీనికి మంచి పుట్టుకే ఉంది.

బ్రిటిష్ సైన్యంలో, నౌకాదళంలో శిక్షణ పూర్తిచేసి, పరీక్షలు నెగ్గి, అకాడమీ నుంచి బయటికి రావడాన్ని "పాస్ అవుట్" అంటారు. ఆ రోజు జరిగే కవాతు "పాసింగ్ అవుట్ పరేడ్". ఈ అర్థం ఇంగ్లండు నిఘంటువుల్లో ఇప్పటికీ ఉంది, పక్కన "బ్రిటిష్" అని గుర్తు కూడా వేస్తారు. 1932లో మొదలైన డెహ్రాడూన్ ఇండియన్ మిలిటరీ అకాడమీలో ఏటా జూన్‌లో, డిసెంబరులో ఈ పరేడ్ జరుగుతుంది. టీవీలో చూసే ఉంటారు. ఆఖర్న క్యాడెట్లు ఛెట్‌వుడ్ భవనం దగ్గర "అంతిమ్ పగ్" అనే చివరి అడుగు దాటి నడిచి వెళ్తారు. అక్కడ "పాస్" అంటే దాటడం, "అవుట్" అంటే బయటికి. రెండు మాటలూ అక్షరాలా నిజమవుతాయి. అంత దూరం పోనక్కర్లేదు. మన హలసూరు చెరువు పక్కనే మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ కేంద్రం ఉంది. అక్కడ శిక్షణ ముగించిన అగ్నివీరుల పాసింగ్ అవుట్ పరేడ్ వార్త మన పేపర్లలో వస్తూనే ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న విచిత్రం చెప్పాలి. హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉంది కదా. అక్కడా అలాంటి కవాతే జరుగుతుంది. కానీ దాని అధికారిక పేరు "కంబైన్డ్ గ్రాడ్యుయేషన్ పరేడ్". ఒకే దేశం, ఒకే రకం వేడుక. డెహ్రాడూన్‌లో "పాసింగ్ అవుట్", దుండిగల్‌లో "గ్రాడ్యుయేషన్". కాబట్టి ఈ రెండు మాటలూ ఒకదాని బదులు ఒకటి నిలబడగలవని మన సైన్యమే చూపిస్తోంది.

ఇంగ్లండులో ఆ మాట ఎక్కువగా సైన్యం, పోలీసు, ఫైర్ సర్వీసు శిక్షణల దగ్గరే ఆగిపోయింది. మన దేశంలో కాలేజీలకు, స్కూళ్లకు కూడా పాకింది. ఈలోగా, ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో, అమెరికాలో అదే మాటకు స్పృహ తప్పడం అనే అర్థం బాగా పాతుకుపోయింది. అక్కడినుంచి సినిమాలు, టీవీల పుణ్యమా అని ప్రపంచమంతా చేరింది. అందుకే ఒకే మాట బెంగళూరులో మిఠాయి పంచే వార్త, బోస్టన్‌లో అంబులెన్సు పిలిచే వార్త.

కళ్లు తిరగడం, పడిపోవడం, మూర్ఛ

తల్లిదండ్రులు ఈ భాగం నిదానంగా చదవాలని మనవి.

ఉదయం అసెంబ్లీలో ఎండకు నిలబడి ఒక పాపకు ఒంట్లో బాగాలేకపోయిందనుకోండి. టిఫిన్ తినకుండా వచ్చింది. ఇంటికి వెళ్లాక అమ్మ మరుసటి రోజు లీవ్ లెటర్ రాస్తుంది. తెలుగులో మనసులో ఉన్నది "కళ్లు తిరిగాయి" అని. ఇంగ్లీషులో ఏం రాయాలి? "కళ్లు తిరిగాయి" అనే తెలుగు మాట రెండు పనులు చేస్తుంది. ఒకటి, తల తిరిగినట్టయి గోడ పట్టుకుని నిలబడటం. రెండోది, నిజంగానే స్పృహ తప్పి కింద పడటం. మొదటిది ఇంగ్లీషులో "షి ఫెల్ట్ డిజ్జీ". మన ఊళ్లో "గిడ్డీ" అనే అలవాటు ఎక్కువ, అదీ సరే. రెండోది "షి ఫెయింటెడ్" లేదా "షి పాస్డ్ అవుట్". డాక్టరుకు ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది. స్పృహ తప్పిందా లేదా, తప్పితే ఎంతసేపు, పడేటప్పుడు తలకు దెబ్బ తగిలిందా అనేవి ఆయన ముందుగా అడిగే ప్రశ్నలు. "గిడ్డీ" అని రాస్తే ఆయన ఒకలా ఆలోచిస్తాడు, "ఫెయింటెడ్" అని రాస్తే ఇంకోలా ఆలోచిస్తాడు.

ఇంతకన్నా పెద్ద చిక్కు "మూర్ఛ" తో ఉంది. తెలుగులో "మూర్ఛపోయింది" అంటే సొమ్మసిల్లింది అని. "మూర్ఛ వ్యాధి ఉంది" అంటే మాత్రం ఫిట్స్, అంటే డాక్టర్లు ఎపిలెప్సీ అనేది. ఒకే మాటకు రెండు అర్థాలు, రెండూ ఆరోగ్యానికి సంబంధించినవే, రెండింటికీ వైద్యం వేరు. స్కూళ్లలో నింపించే హెల్త్ కార్డుల్లో "ఎనీ హిస్టరీ ఆఫ్ ఫిట్స్" లాంటి గడి ఒకటి ఉంటుంది. మూడేళ్ల కిందట ఒకసారి జ్వరంలో సొమ్మసిల్లిన పిల్లవాడికి, "మూర్ఛ వచ్చింది కదా" అని ఆ గడిలో అవునని రాస్తే, ఈత క్లాసు దగ్గర, టూరు దగ్గర, ప్రతిచోటా వాడిని పక్కన కూర్చోబెడతారు. దీనికి తిరగేసి చూస్తే ఇంకా ప్రమాదం. నిజంగా ఫిట్స్ వచ్చే పిల్లవాడికి, ఎవరేమనుకుంటారో అని, "అప్పుడప్పుడు పాస్ అవుట్ అవుతాడు" అని మెత్తగా రాస్తే, ఆ క్షణం వచ్చినప్పుడు టీచరుకు ఏం చెయ్యాలో తెలియదు. దయచేసి ఈ రెండింటినీ కలపకండి. అనుమానం ఉంటే తెలుగులోనే రాయండి, పక్కన జరిగింది జరిగినట్టు రెండు వాక్యాలు రాయండి. ఒక్క ఇంగ్లీషు మాట కోసం వెతుక్కోవద్దు.

ఫిట్స్ గురించి ఇంకో చిన్న మాట. "ఫిట్" అంటే ఆరోగ్యంగా ఉన్నాడనీ అర్థం, "ఎ ఫిట్" అంటే మూర్ఛ అనీ అర్థం. ఫిట్స్ వచ్చి తగ్గిన పిల్లవాడికి డాక్టరు ఇచ్చే కాగితం "ఫిట్‌నెస్ సర్టిఫికెట్"! ఇంగ్లీషు వాళ్లను ఏమనాలి.

బెంగళూరులో మనకు ఇంకో భాష కూడా పక్కనే ఉంది. కన్నడంలో స్పృహ తప్పడాన్ని "ప్రజ్ఞె తప్పు" అంటారు. తెలుగులో ప్రజ్ఞ అంటే నేర్పు, తెలివి. ఆసుపత్రిలో నర్సమ్మ "ప్రజ్ఞె ఇత్తా?" అని అడిగితే ఆమె మీ అబ్బాయి మార్కులు అడగడం లేదు, స్పృహలో ఉన్నాడా అని అడుగుతోంది. "ఎచ్చర తప్పి బిద్ద" అన్నా అదే అర్థం, తెలివి తప్పి పడ్డాడని. ఇక్కడ దానికి మన హెచ్చరిక అనే అర్థం కాదు. ఊరినుంచి కొత్తగా వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు పిల్లలతో ఇంట్లో ఉంటారు కాబట్టి ఈ రెండు కన్నడ మాటలూ వాళ్ల చెవిన వేసి పెట్టండి. 108కి ఫోన్ చేసినప్పుడు కూడా మనిషి స్పృహలో ఉన్నాడా, ఊపిరి ఆడుతోందా అని అడుగుతారు. 108 సేవ 2005లో హైదరాబాద్‌లో మొదలై, 2008లో "ఆరోగ్య కవచ" పేరుతో కర్ణాటకకు వచ్చింది. అందుకే మన రెండువైపుల చుట్టాలకూ ఆ నంబరు ఒకటే.

మాట వరుసలో చెబుతున్నా, పనికొస్తుంది: పిల్లవాడు సొమ్మసిల్లితే లేపి కూర్చోబెట్టకండి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టండి, గాలి ఆడనివ్వండి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో నీళ్లు పొయ్యకండి. ఒక నిమిషంలో లేవకపోతే 108.

ఇక పర్యాయపదాల సంగతి. "ఫెయింట్" అన్నిచోట్లా చెల్లే మాట. లెటర్‌లో, డాక్టరు దగ్గర, స్నేహితుల మధ్య ఎక్కడైనా వాడవచ్చు. "పాస్ అవుట్" కొంచెం మాటల భాష. "లూజ్ కాన్షస్‌నెస్" ఆసుపత్రి కాగితాల భాష. "బ్లాక్ అవుట్" అంటే కళ్ల ముందు చీకటి కమ్మి కాసేపు ఏమీ తెలియకపోవడం. తరవాత ఏం జరిగిందో గుర్తులేదని చెప్పడానికి కూడా వాడతారు. "కొలాప్స్" అంటే కుప్పకూలడం. అందులో స్పృహ తప్పిందో లేదో చెప్పలేదు, గమనించండి. పరుగు పందెం చివర గీత దాటి కుప్పకూలిన పిల్లవాడు మాట్లాడుతూనే ఉండవచ్చు. "స్వూన్" అనేది పాత నవలల్లో కథానాయికలకు వచ్చేది. పరీక్షలో సినానిమ్ అడిగితే రాయండి, లీవ్ లెటర్‌లో మాత్రం వద్దు.

మనవైపు లెక్క చూస్తే తెలుగే ధనవంతురాలు. కళ్లు తిరగడం, కళ్లు బైర్లు కమ్మడం, సొమ్మసిల్లడం, సోలిపోవడం, తెలివి తప్పడం, స్పృహ తప్పడం, మూర్ఛపోవడం. ఆకలికి సొమ్మసిల్లుతారు, నిద్రకో మత్తుకో సోలిపోతారు. పిల్లలూ, ఈ తేడాలు మీ నానమ్మను అడిగి రాసుకోండి. ఇంగ్లీషు మాటల తేడా పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి సాధన లేదు.

చదువు ముగించిన సంగతి ఎలా చెప్పాలి

ఇప్పుడు మంచి వార్త వైపు వద్దాం. డిగ్రీ పూర్తయితే "ఐ గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్ బెంగళూరు యూనివర్సిటీ ఇన్ 2023". "ఫ్రమ్" మరవకూడదు. పది పూర్తయితే "గ్రాడ్యుయేటెడ్" అనేది మన దేశంలో, ఇంగ్లండులో కుదరదు. అమెరికాలో హైస్కూలుకు కూడా ఆ మాట చెల్లుతుంది. మనం "ఐ పాస్డ్ మై ఎస్.ఎస్.ఎల్.సి. ఇన్ 2025" అంటే చాలు. అదే "అవుట్" తీసేసిన మాట. "ఐ కంప్లీటెడ్ క్లాస్ టెన్ ఎట్ దిస్ స్కూల్" అన్నా బాగుంటుంది. "2024 పాసవుట్స్" బదులు "2024 గ్రాడ్యుయేట్స్" లేదా "ది క్లాస్ ఆఫ్ 2024". పాత విద్యార్థి ఒక్కడైతే అలమ్నస్, అమ్మాయి అయితే అలమ్నా, గుంపు అయితే అలమ్నై. "ఐ యామ్ యాన్ అలమ్నై" అనేది బెంగళూరులో రోజూ వినే తప్పు, నేను ఒక్కడినే మేమంతా అన్నట్టుంటుంది.

"పాస్" కి "కంప్లీట్" కి తేడా ఉంది, ఇది పెద్ద పిల్లల తల్లిదండ్రులకు. ఇంజనీరింగ్ నాలుగేళ్లు 2023లో ముగిశాయి, ఒక సబ్జెక్టు బ్యాక్‌లాగ్ ఉండి అది 2024లో నెగ్గాడు. ఫారంలో "ఇయర్ ఆఫ్ పాసింగ్" అని అడిగితే 2024 వెయ్యాలి, కాలేజీకి ఆఖరుసారి వెళ్లిన ఏడు కాదు. "2023 పాసవుట్" అని నోటితో అనే అలవాటులో ఫారంలోనూ 2023 అని వేసేస్తారు. తరవాత మార్క్స్ కార్డులు సరిచూసేటప్పుడు అది అబద్ధం చెప్పినట్టు కనిపిస్తుంది. అబ్బాయి అబద్ధం ఆడలేదు, మాట అలా ఆడించింది. అయినా కంపెనీవాళ్లు ఆ వివరణ వినడానికి కూర్చోరు.

ఇంటి పక్కవాళ్లతో, బస్సులో పరిచయమైనవాళ్లతో "పాసవుట్ అయ్యాను" అనడానికి సంకోచం అక్కర్లేదు. ఇది మన దేశపు ఇంగ్లీషు, అందరికీ అర్థమవుతుంది. దరఖాస్తులో, విదేశీ యూనివర్సిటీకి రాసే ఉత్తరంలో, బయటి దేశంవాళ్లతో వీడియో ఇంటర్వ్యూలో మాత్రం "గ్రాడ్యుయేటెడ్" అనండి. ఇంట్లో లుంగీ, ఆఫీసుకు ప్యాంటు అన్నట్టే. లుంగీ తప్పని ఎవరూ అనరు కదా.

తెలుగులో ఈ సందర్భానికి ఉన్న మాట ఎంత బాగుందో చూడండి. "ఉత్తీర్ణుడు" అంటే సంస్కృతంలో దాటి అవతలికి చేరినవాడు. ఏరు దాటిన మనిషి. పల్లెలో అదే సంగతిని "గట్టెక్కాడు" అంటారు. ఇంగ్లీషు "పాస్" కూడా లాటిన్‌లో అడుగు అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చిందే, అడుగు వేసి దాటడం. మూడు భాషల్లోనూ పరీక్ష ఒక ఏరే. కన్నడ పేపర్లలో "తేర్గడె" అని చూస్తుంటారు, అదీ పాసవడమే. రిజల్ట్ రోజు ఆ మాట కోసం వెతకండి.

పంచిపెట్టడం, ఇంకా కొన్ని

"పాస్ అవుట్" కి మూడో అర్థం పంచడం. "ప్లీజ్ పాస్ అవుట్ ది పేపర్స్" అంటే కాగితాలు అందరికీ ఇవ్వు అని. ఇది ఎక్కువగా అమెరికా వాడుక. మన క్లాసుల్లో "హ్యాండ్ అవుట్", "గివ్ అవుట్", "డిస్ట్రిబ్యూట్" అంటారు. ఈ అర్థంలో మాట మధ్య సందు ఇస్తుంది: "పాస్ ది పేపర్స్ అవుట్" అన్నా ఒప్పే. "పేపర్స్" బదులు "దెమ్" అంటే మాత్రం అది మధ్యలోనే కూర్చోవాలి. "పాస్ దెమ్ అవుట్" ఒప్పు, "పాస్ అవుట్ దెమ్" తప్పు. పరీక్షల్లో ఈ చిట్కా అడగడం మామూలే. స్పృహ తప్పే అర్థంలో, చదువు ముగించే అర్థంలో మధ్యలో ఏదీ దూరదు, ఎందుకంటే అక్కడ పని ఎవరిమీదా జరగడం లేదు, మనిషి తానే పడుతున్నాడు లేదా బయటికి వస్తున్నాడు.

"పాస్" కుటుంబంలో ఇంకో రెండింటితో జాగ్రత్త. "పాస్ అవే" అంటే చనిపోవడం, గౌరవంగా చెప్పే తీరు. "పాస్ ఆన్" అంటే అందించడం: "పాస్ ఆన్ ది సర్క్యులర్ టు యువర్ పేరెంట్స్". కానీ వెనక ఏమీ లేకుండా "హి పాస్డ్ ఆన్" అని ఆపేస్తే ఆయన పోయాడని అర్థం వస్తుంది. మన తెలుగులోనూ ఇదే తంటా. "మా మామయ్య కోలార్‌కి పోయినాడు" అంటే ఫర్వాలేదు, ఊరి పేరు వదిలేసి "మా మామయ్య పోయినాడు" అంటే ఎదుటివాళ్ల మొహం మారిపోతుంది. "టైంపాస్" అని బస్సుల్లో అమ్మే శనక్కాయల పొట్లాం కూడా ఈ కుటుంబానికే దూరపు చుట్టం. "పాస్ ది టైమ్" అనే ఇంగ్లీషు మాటను తలకిందులు చేసి మనవాళ్లు నామవాచకం చేసుకున్నారు. బసవనగుడి కడలేకాయి పరిషెలో ఈసారి కొన్నప్పుడు పిల్లలకు ఇది చెప్పండి.

రెండు నమూనా వాక్యాలు

లీవ్ లెటర్‌లో పెట్టుకోవడానికి. స్పృహ తప్పకపోతే: "మై డాటర్ ఫెల్ట్ డిజ్జీ దిస్ మార్నింగ్ బట్ డిడ్ నాట్ ఫెయింట్." స్పృహ తప్పితే: "మై సన్ ఫెయింటెడ్ ఎట్ హోమ్ ఎట్ సెవెన్ ఎ.ఎమ్. అండ్ వాజ్ అన్‌కాన్షస్ ఫర్ అబౌట్ హాఫ్ ఎ మినిట్." ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు. ఈ మూడూ ఉంటే చాలు, వ్యాకరణం అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు.

పిల్లలకు నాలుగు వాక్యాలు. ఒక్కోదానిలో "పాస్ అవుట్" కి ఏ అర్థమో చెప్పండి. జవాబులు కిందే ఉన్నాయి, ముందు మీరు ఆలోచించి తరవాత చూడండి.

"ది క్యాడెట్స్ పాస్డ్ అవుట్ ఇన్ డిసెంబర్."
"ది క్యాడెట్ పాస్డ్ అవుట్ ఇన్ ది హీట్."
"ది క్యాడెట్ పాస్డ్ అవుట్ ది స్వీట్స్."
"మై బ్రదర్ పాస్డ్ అవుట్ ఇన్ ది ఎగ్జామ్ హాల్."

మొదటిది శిక్షణ ముగించడం. రెండోది ఎండకు స్పృహ తప్పడం. మూడోది మిఠాయిలు పంచడం. నాలుగోది పాసయ్యాడని చెప్పబోయి రాసినదైతే, "పాస్డ్ ది ఎగ్జామ్" అని మార్చాలి. ఎందుకంటే ఉన్నదున్నట్టు చదివితే మీ అన్నయ్య పరీక్ష హాలులో పడిపోయాడు, పేపర్ రాశాడో లేదో కూడా తెలియదు.